ఇప్పుడే వెళ్ళిన మనిషి

కుక్క గడ్డి తింటోందని ఆ పొద్దున మొదటి ఫోను. తింటే తిననివ్వండి, కడుపులో వికారంగా ఉంటే అలాగే తిని కక్కుకుంటుంది, రోజూ అదే పనైతే మాత్రం నులిపురుగుల మందు వేయించి ఎన్నాళ్ళయిందో చూసుకోండి అని చెప్పింది నళిని. రెండోది పిల్లి సంగతి. ఒళ్ళో కూర్చుని ముందుకాళ్ళతో పిండి పిసికినట్టు పిసుకుతోందిట, కాళ్ళకి తిమ్మిరేమోనని ఆ ఇల్లాలి భయం. తిమ్మిరి కాదమ్మా, పాలు తాగేటప్పుడు తల్లి దగ్గర నేర్చుకున్న అలవాటు, మీ ఒడిని తల్లి అనుకుంటోంది అని చెప్పింది. మూడో ఆయన తన చిలక ఈకలు పీక్కుంటోందన్నాడు. పంజరం ఎక్కడ పెట్టారని అడిగితే, ఇదివరకు వసారాలో ఉండేదనీ, కోడలు ఆ గోల భరించలేనంటే సామాన్ల గదిలోకి మార్చామనీ చెప్పాడు. మళ్ళీ వసారాలో పెట్టండి, మందక్కర్లేదు అంది నళిని. మరి కోడలికేం చెప్పమంటారండి అన్నాడాయన. ఆ ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదండి అంది.

కాకినాడ నుంచి సామర్లకోట వెళ్ళే దారిలో, వరిచేల మధ్య, ఆ జంతు పరిశోధనాలయం ఉంది. కింద అంతస్తులో పెంపుడు జంతువుల సలహా కేంద్రం, పైన ప్రయోగశాల. పశువుల ఆసుపత్రిలో గుమస్తాగా రిటైరయ్యాక నళిని ఇక్కడ చేరింది. ఫోనులో జవాబులు చెప్పేవాళ్ళు ఇద్దరే. పక్క కుర్చీలో దీవెన అనే పడుచు పిల్ల. జనం అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబులు రాసిపెట్టింది నళిని. దీవెన వాటిని చూసి చెబుతుంది. యంత్రం చేత చెప్పించొచ్చు కదా అని పైవాళ్ళు ఒకసారి ప్రయత్నించారు గానీ, రెండు మాటలకే జనం "మనిషినివ్వండి" అని ఫోను పెట్టేశారు.

నాలుగో ఫోను తుని నుంచి. లారీ ఓనరు సింహాచలం. అతని కుక్క రాజా బాగానే తింటోంది, తిరుగుతోంది, విరేచనం సాఫీగా ఉంది, కళ్ళు తేటగా ఉన్నాయి.

"మరి ఏమిటండీ ఇబ్బంది?" అంది నళిని.

"నేనొస్తే లెగట్లేదండి."

మా ప్రయోగశాలలో చేసిన తోడుపట్టీ మెడకి కట్టారా అని అడిగింది. కట్టానన్నాడు. లోడు మీద తను వెళితే తిండి మానేసి ఏడ్చి చచ్చేదట, పట్టీ కట్టాక ఆ ఏడుపు మంత్రం వేసినట్టు పోయిందట. పోవడం మంచిదే కదండీ అంది నళిని. కుక్క బెంగ లేకుండా, స్థిమితంగా ఉంది, ఆరోగ్యానికి ఏ లోటూ లేదు. ఇది ఆమె రాసిపెట్టిన జవాబే.

"ఆరోగ్యం బాగుంటే సరిపోద్దాండీ?" అన్నాడు సింహాచలం. "బళ్ళో పడి రాత్రీ పగలూ వచ్చేది ఎందుకండీ నేను? గుమ్మంలో అదొచ్చి మీద పడతాదనండి. మా యావిడ ఎలాగూ పడదు."

దీవెన పక్కన నోరు నొక్కుకుని నవ్వింది. నళిని నవ్వలేదు.

*

సాయంత్రం రామారావుపేటలో బస్సు దిగి, సందు మలుపులో పెరుగు పాకెట్టు కొనుక్కుని, గేటు గడియ తీసింది. ఆ గడియ కిర్రుమనే చప్పుడు వీధి చివరి దాకా వినిపిస్తుంది. వసారాలో గోనెపట్టా మీద మిరియం పడుకుని ఉంది. చెవి కదపలేదు.

మెలకువగానే ఉంది. నళిని వైపు చూసింది కూడా. ఇంట్లో ఎప్పుడూ ఉండే కుర్చీని చూసినట్టు చూసి, కళ్ళు మూసుకుంది. మెడకున్న నీలం తోడుపట్టీలో చుక్కంత ఆకుపచ్చ దీపం వెలిగి ఆరింది. లోపలి గుళిక పని చేస్తోందని గుర్తు.

"వచ్చానే," అంది నళిని, ఎవరితో అన్నదీ తనకే తెలియకుండా. చెప్పులు విడిచి, తాళం తీసి, దీపం వేసింది. రెండు గదుల ఇల్లు. రెండు గదులూ ఒకేసారి ఆమె వైపు చూసినట్టనిపించింది.

మిరియం అక్క కుక్క. ఆ మాట నళిని తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. పెద్ద మార్కెట్టు కాలవ పక్కన, వర్షంలో, మిరియపు గింజలా నల్లగా ముడుచుకుని ఉన్న కూనని చీర కొంగులో చుట్టి తెచ్చింది హైమవతి. అన్నం పెట్టింది ఇద్దరూనే, స్నానం చేయించింది నళినే. అయినా రాత్రి పడుకునేది హైమవతి మంచం కిందే. అలాంటి కుక్క తనకోసం లేవలేదని ఏమనుకోవాలి?

అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి బతికి ముసలివాళ్ళయ్యారు. హైమవతి పెళ్ళి రెండేళ్ళకే ముగిసిపోయింది. నళినికి పెళ్ళి మొదలే కాలేదు. ఒక వంట, ఒక బీరువా, ఒక తువ్వాలు. పొద్దున్నే ఎవరు ముందు లేస్తే వాళ్ళు చేతికందిన చీర కట్టుకోవడమే. "ఇది నాది" అనే మాట ఆ ఇంట్లో కళ్ళజోళ్ళ దగ్గర మాత్రమే వినిపించేది.

*

హైమవతికి మూత్రపిండాలు చెడిపోయి, వారానికి రెండుమూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళాల్సి వచ్చినప్పుడు మొదలైంది మిరియం గోల. ఆమె ఆటో ఎక్కే దాకా బాగానే ఉండేది. తరవాత తలుపు కింద చెక్క కొరికేది, పంజాల్లోంచి రక్తం వచ్చేదాకా గీకేది, ఊళపెట్టేది. మేడ మీది ఇంటివాళ్ళు దిగొచ్చి, చావు కబురులా ఈ ఏడుపేవిటండీ, పొద్దున్నే అపశకునం అన్నారు. ఆసుపత్రిలో సూదులు గుచ్చుకుని పడుకున్న హైమవతికి తన నొప్పి కంటే ఆ కుక్క ఏడుపే ఎక్కువ బాధ.

అప్పుడు నళిని డాక్టరు ఫణీంద్రని ఇంటికి తీసుకొచ్చింది. తోడుపట్టీ కనిపెట్టింది ఆయనే. నలభై దాటని మనిషి, ఎప్పుడూ సగం మాటలోనే ఇంకో ఆలోచనలోకి వెళ్ళిపోతాడు. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని, అది చల్లారిపోయే దాకా చెప్పాడు. కుక్కకి గడియారం దాని ముక్కు. మనిషి గడప దాటాక ఇంట్లో ఆ మనిషి వాసన గంట గంటకీ పలచబడుతుంది. ఎంత పలచబడితే అంత సేపయిందని దాని లెక్క. పలచబడే కొద్దీ బెంగ పెరుగుతుంది. ఈ పట్టీలోని గుళికలో యజమాని వాసన అచ్చుపోసి పెడతాం. గాలిలో ఆ వాసన ఎంత తగ్గితే పట్టీ అంత వదులుతుంది. తగ్గనివ్వదు.

"అంటే నేనెంతసేపు వెళ్ళినా ఇప్పుడే వెళ్ళినట్టు ఉంటుందన్నమాట దానికి," అంది హైమవతి.

"అంతేనండి. ఇప్పుడే గడప దాటిన మనిషి కోసం ఎవరూ ఏడవరు కదా."

పట్టీకి కావలసింది యజమాని కట్టి విడిచిన బట్ట. ఆ మాట ఫోనులో నళిని ఎంతమందికి చెప్పిందో: మీరొక్కరే కట్టుకున్నది, ఉతకనిది, ఇంకొకరి ఒంటికి తగలనిది పంపించండి. ఆ రోజు దండెం మీద నుంచి, అక్క అంతకుముందే విడిచిన పాత వెంకటగిరి చీర తీసి, చెంగు చింపి, పొట్లం కట్టి ఇచ్చింది.

పట్టీ కట్టాక మిరియం తలుపు కొరకలేదు. హైమవతి ఆటో ఎక్కి వెళితే ఆవలించి పడుకునేది. మేడ మీది వాళ్ళు స్వీటు పెట్టారు. ప్రయోగశాలలో అందరూ నళినిని అభినందించారు. హైమవతి మాత్రం ఒక సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చి, చేతికి కట్టుతో, వసారా మెట్టు మీదే కూర్చుండిపోయింది. మిరియం కళ్ళెత్తి చూసి, మళ్ళీ దించుకుంది.

"ఇదివరకు గడియ చప్పుడైతే ఎగిరి మీద పడేది," అంది హైమవతి.

"ఇప్పుడు బెంగ లేదక్కా. సుఖంగా ఉంది."

"ఊఁ. బెంగ లేనివాళ్ళకి నేనొచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటేనే." అని నవ్వేసి, కాఫీ పెట్టమంది. నళిని పెట్టింది. ఆ మాటని ఆమె అప్పుడు అక్క నీరసంలో అన్న మాటగానే తీసుకుంది.

తరవాత కొద్దివారాలకి, మామూలుగా వెళ్ళినట్టే, సంచీలో మంచినీళ్ళ సీసా పెట్టుకుని, "వచ్చేస్తానే" అని మిరియం తల నిమిరి, హైమవతి ఆటో ఎక్కింది. ఆసుపత్రిలో మంచం మీదే గుండె ఆగిపోయింది.

మిరియానికి మాత్రం ఆమె ఇప్పుడే వెళ్ళింది.

*

కర్మకాండ పెదనాన్న కొడుకు చేశాడు. అతని భార్య కామేశ్వరి ఇల్లంతా తన చేతిలోకి తీసుకుంది. గోడలకి సున్నం వేయించింది. గదులు ఫినాయిలుతో కడిగించింది. మంచం, పరుపు, దిండు, చెప్పులు, గొడుగు శయ్యాదానంలో వెళ్ళిపోయాయి. ఇక బీరువా తీసి, చీరలు చాప మీద గుట్టగా పోసి, నళినిని పిలిచింది.

"హైమ వదినవి ఏవో తీసి ఇలా పెట్టండి. పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోకూడదు."

నళిని ఒక చీర తీసింది. అది అక్క కొన్నది, కానీ ఎక్కువ కట్టింది తను. ఇంకోటి తనకి రిటైర్మెంటు రోజున పెట్టినది, అక్క ఆసుపత్రికి అదే కట్టుకెళ్ళేది. చేతిలో చీర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చివరికి కామేశ్వరే విసిగి, గుట్టని మధ్యకి విడదీసి, సగం మూట కట్టించింది. సగం మిగిలింది. ఎవరి సగం వెళ్ళిందో ఎవరికీ తెలియదు.

వచ్చినవాళ్ళందరూ కుక్కని చూసి ముక్కున వేలేసుకున్నారు. అన్నం పెట్టి పెంచిన మనిషి పోతే కన్ను చెమ్మగిల్లలేదు చూడండి, కుక్కకి విశ్వాసం అంటారు గానీ అంతా వట్టిదే అంది ఒకావిడ. దానికి తెలియదండీ అంది నళిని. తెలియకపోవడమేమిటని ఆవిడ వింతగా చూసింది.

అందరూ వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఇద్దరు మిగిలారు. ఒకరు హైమవతి పోయిందని తెలిసినవాళ్ళు. ఇంకొకరు ఆమె ఇప్పుడే వస్తుందని, అసలు రావలసినంత దూరం కూడా వెళ్ళలేదని నమ్ముకున్నవాళ్ళు. పళ్ళెం ముందు కూర్చుంటే నళినికి ముద్ద దిగేది కాదు. మిరియం తన గిన్నె నాకి శుభ్రం చేసి, మూతి నాక్కుని, హాయిగా పడుకునేది. ఒక్కోసారి దాని మీద కోపం వచ్చేది. ఏడవడానికి ఇంట్లో ఇంకొకరుండి కూడా, ఒక్కతే ఏడవాల్సి వచ్చినందుకు.

*

సింహాచలం ఫోను చేసిన వారంలోనే ఫణీంద్ర ఆమెని పైకి పిలిచాడు. పట్టీలో గుళిక అయిపోవస్తోందని, కొత్తది పోయడానికి అప్పుడిచ్చిన చీర చెంగే తీసి యంత్రంతో మళ్ళీ చదివించానని చెప్పాడు. పాత యంత్రం వాసనని ఒక్క ముద్దగా అచ్చుపోసేది. కొత్తది విడదీసి చూపిస్తుంది. తెర మీద గీతలు కొండల వరసలా లేచి ఉన్నాయి.

"ఇందులో ఇద్దరున్నారండి, నళినిగారూ. ఒకరు మీ అక్కగారు. రెండోవారెవరో తెలియక మన సిబ్బంది నమూనాలన్నీ పోల్చి చూశాను. మీరే."

నళిని ఆ కొండల వరస వైపు చూసింది. ఎక్కడ అక్క దిగిందో, ఎక్కడ తను మొదలైందో తెలియనంత దగ్గరగా ఉన్నాయి. ఊరందరికీ చెప్పిన నియమం తన ఇంట్లో ఎందుకు గుర్తుకు రాలేదో అప్పుడు అర్థమైంది. వాళ్ళింట్లో ఒక్కరే కట్టుకున్న చీర అంటూ లేదు.

అంటే మిరియానికి అక్కలాగే తనూ ఎప్పుడూ ఇప్పుడే వెళ్ళిన మనిషి. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చినా, దానికి తను వెళ్ళనూ లేదు, రానూ లేదు. అక్క కుక్క కాబట్టి లేవట్లేదని తను ఇన్నాళ్ళూ అనుకున్నది తప్పు. లేచే కారణాన్ని తన చేత్తోనే చింపి పొట్లం కట్టి ఇచ్చింది.

ఫణీంద్ర ఉత్సాహంగా ఉన్నాడు. పొరపాటే కానీ దిద్దుకోగల పొరపాటు. రెండో వరసని తీసేసి, ఒక్క హైమవతిగారినే అచ్చుపోస్తాను, అప్పుడు మిరియం మిమ్మల్ని చూసి లేస్తుంది, తోక ఊపుతుంది, అక్కగారి లోటు మాత్రం దానికెప్పటికీ తెలియదు. గుళికలు ఎన్నైనా పోయొచ్చు. అసలు తను చేయబోయేది అదే. యజమానులు పోయి, బెంగతో తిండి మానేసి చచ్చిపోయే కుక్కలు ఎన్నో ఉన్నాయి. వాటికి ఈ పట్టీ ప్రాణం పోస్తుంది. వచ్చే నెల పైఅధికారులు చూడ్డానికి వస్తున్నారు, మిరియాన్ని తీసుకొస్తే చాలు.

"తీసేస్తే ఏమవుతుందండీ?" అంది నళిని.

"రెండోదాన్నా?"

"పట్టీనే."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు తండ్రి పోతే, తండ్రి కుక్క రైలు స్టేషను ముందే పడుండి ఎండిపోవడం చూసిన మనిషి. మెల్లిగా చెప్పాడు. "ముసలిది. గుండె పెద్దదయింది, ఎక్స్‌రే మీరూ చూశారు. ఇన్నాళ్ళ ఎడబాటు ఒక్క రోజులో దాని మీద పడుతుంది. తిండి మానేస్తుంది. బతుకుతుందని నేను చెప్పలేను. పోతే మీకెవరున్నారండీ ఇంట్లో?"

ఆ చివరి మాట ఆయన మంచికే అన్నాడు. ఆలోచించి చెబుతానని నళిని మెట్లు దిగింది.

*

ఆమె ముందు ఒప్పుకుందామనే అనుకుంది. గడియ చప్పుడుకి ఒక ప్రాణి లేచి రావడం ఏమంత చిన్న విషయం? బస్సులో కూర్చుని దాన్నే ఊహించుకునేది. ఊహలో మిరియం పరుగెత్తుకొచ్చి కుచ్చిళ్ళు పట్టి లాగేది. ఆ వెనకాలే ఇంకో ఊహ వచ్చేది. అలా తోక ఊపి, సంతోషంగా వెళ్ళి హైమవతి మంచం ఉన్న చోట పడుకుంటుంది. ఏళ్ళ తరబడి. తను పళ్ళెం ముందు కూర్చుని చూస్తూ ఉంటుంది. రేపు తను పోయినా ఇంకో గుళిక పోస్తారు. అప్పుడు ఇద్దరూ ఇప్పుడే వెళ్ళినట్టుంటారు. ఒక్క ప్రాణి కూడా వీళ్ళు లేరని తెలుసుకోదు.

ఇంతలో సింహాచలం మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి ప్రశ్నేమీ లేదన్నాడు. పట్టీ పీకి పారేశాడట. వైజాగు లోడు మీద వెళ్ళి వచ్చేసరికి రాజా తలుపు సగం తినేసి, అతని చెప్పుల జత నమిలి, పక్కింటి కోడిని తరిమి, నానా బీభత్సం చేసిందట.

"గేటు తీసేసరికి వచ్చి గుద్దిందండి. ఎల్లకిలా పడ్డానండి మట్లో. మొహమంతా నాకేసిందండి." ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకున్నాడు. "మా యావిడైతే, పెళ్ళైన కాడి నించి నేను తిట్టాల్సిన తిట్లన్నీ ఈ కుక్క ఒక్కసారే తిట్టేసింది అందండి."

"దెబ్బలు తగిలాయా?" అంది నళిని.

"తగిలాయండి. బాగున్నాయండి."

ఆమె ఫోను పెట్టేసి చాలాసేపు ఇంకో ఫోను ఎత్తలేదు. ఆ తరవాత మోగిన రెండూ దీవెనే ఎత్తింది.

*

ఆదివారం మధ్యాహ్నం, భోజనమయ్యాక, వసారాలో చతికిలబడి కూర్చుని, నళిని పట్టీ కొక్కెం ఊడదీసింది. దాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించి, డబ్బాని మేడ మీది వాళ్ళ వరండా గట్టు మీద పెట్టి వచ్చింది. చేతులకి ఆ వాసన ఉండకూడదని రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది.

మిరియం ఒక గంట దాకా కదలలేదు. తరవాత తలెత్తి గాలి చూసింది. లేచి లోపలికి వెళ్ళింది. మంచం ఉండే చోట నేలని వాసన చూసింది. ఫినాయిలుకి తుమ్మింది. హైమవతి జారగిలబడే గోడని చూసింది. అక్కడ కొత్త సున్నం. బీరువా కింద, మడత కుర్చీ కింద, వంటింటి గడప దగ్గర, దొడ్లో తులసికోట చుట్టూ తిరిగింది. ప్రతిచోటా ఆగి, ఇంకొంచెం లోతుగా పీల్చి, ముందుకి వెళ్ళింది. మనిషి లేదన్నది కాదు, మనిషి వెళ్ళి ఎంత కాలమైందన్నది దానికి తెలుస్తోంది. ఆ కాలమంతా ఒకే మధ్యాహ్నం దాని ముక్కులోకి ఎక్కుతోంది. నళిని తలుపు పట్టుకుని చూస్తూ ఉంది. నీకు ఏ మాత్రం దయ ఉన్నా ఆ పట్టీ తెచ్చి మళ్ళీ కట్టు అని ఆమె మనసు గోల పెట్టింది. వెళ్ళబోయి, ఆగింది.

పొద్దు వాలే వేళకి మిరియం గేటు దగ్గరికి వెళ్ళి, కింది సందులో మూతి పెట్టి కూర్చుంది. ఆటో పోయిన ప్రతిసారీ చెవులు నిక్కించింది. ఆ తరవాత తల పైకెత్తి, మెడ చాపి, ఊళపెట్టింది.

నళిని వెళ్ళి దాని పక్కన నేల మీద కూర్చుంది. ఊరుకోమనలేదు. మేడ మీది ఆయన చొక్కా వేసుకుంటూ మెట్లు దిగి వచ్చి, ఏదో అనబోయి, మట్టిలో కూర్చున్న ముసలామెని చూసి, వచ్చిన దారినే పైకి వెళ్ళిపోయాడు. అక్క పోయిన తరవాత నళిని గొంతెత్తి ఏడవడం అదే మొదలు. ఎవరు ఎవరికి తోడు ఏడుస్తున్నారో చెప్పడం కష్టం.

ఫణీంద్ర చెప్పినట్టే మిరియం తిండి మానేసింది. నళిని సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. పాలు పోస్తే చూడలేదు. గుడ్డు ఉడకేసి చిదిమి మూతికి రాస్తే నాకలేదు. మంగళవారం మధ్యాహ్నానికి దాని కాళ్ళు ఒకదానికొకటి తగులుకుంటున్నాయి. ఇన్నేళ్ళు ఊరందరికీ జవాబులు చెప్పిన నళినికి ఒక్క జవాబూ గుర్తురాలేదు. ఫోను తీసి, సలహా కేంద్రానికి కలిపింది.

"చెప్పండి, మీ నేస్తానికి ఏమైంది?" అంది దీవెన గొంతు.

"కుక్క. తిండి మానేసింది. ఇంట్లో మనిషి పోయారు."

అవతల కాగితం తిప్పిన చప్పుడు. గొంతు గుర్తుపట్టిందో లేదో, దీవెన వరసగా అడిగింది. చిగుళ్ళు ఏ రంగులో ఉన్నాయి? నళిని మూతి పైకెత్తి చూసింది. లేత గులాబీ. మెడ మీద చర్మం చిటికెతో లాగి వదిలితే వెంటనే సర్దుకుంటోందా? ఆలస్యంగా సర్దుకుంటోంది. అయితే నీళ్ళు చాలట్లేదు, చెంచాతో దవడ పక్క నుంచి కొంచెం కొంచెం పట్టండి, రేపటికి తాగకపోతే సెలైను పెట్టాలి, తీసుకురండి. ఆపైన దీవెన కాస్త ఆగి, కింద ఉన్నది చదివింది. "దాని దగ్గర కూర్చోండి. ఏమీ మాట్లాడకపోయినా ఫరవాలేదు. మీ చెయ్యి దానికి తగిలేలా ఉంచండి."

అది ఎప్పుడో తను రాసిన వాక్యం. రాసినప్పుడు ఎవరికి రాస్తోందో తెలియదు.

"ఆంటీ," అంది దీవెన చదవడం ఆపేసి, "నేను రానా?"

"వద్దమ్మా. ఇంకో ఫోను వస్తుంది, చూసుకో."

చెంచాతో నీళ్ళు పట్టింది. సగం కారిపోయాయి, సగం దిగాయి. పక్కన చాప వేసుకుని, చెయ్యి దాని పొట్ట మీద పెట్టి, నళిని కళ్ళు మూసుకుంది. ఆ పొట్ట లేస్తోంది, దిగుతోంది. లేచిన ప్రతిసారీ ఇదే ఆఖరిదేమోనని భయం. మళ్ళీ లేచేది.

బుధవారం పొద్దున మిరియం తనంతట తానే గిన్నెలో నీళ్ళు నాలుగు గతుకులు తాగింది. ఉన్న కాస్త పెరుగు కలిపి అన్నం పెడితే మొహం తిప్పుకోలేదు. ఇంట్లో ఇంక పెరుగు లేదు. నళిని వసారా తలుపు చేరవేసి, సందు మలుపు దాకా వెళ్ళింది. కొట్టతను చిల్లర లేదని నిలబెట్టేశాడు. చిల్లర వదిలేసి గబగబా వచ్చేసింది.

గడియ కిర్రుమంది.

వసారాలో గోనెపట్టా కదిలింది. మిరియం ముందుకాళ్ళు మోపి, వెనక కాళ్ళు రెండుసార్లు జారి, మూడోసారి లేచింది. తోక ముందు కొస మాత్రం కదిలింది, తరవాత నడుమంతా కదిలింది. మెట్లు దిగలేక దిగి, తూలుతూ నడిచొచ్చి, నళిని కుచ్చిళ్ళలో మొహం దాచుకుంది. ఊపిరి లోపలికి పీల్చి, పీల్చి, ఆమె కట్టుకున్న పాత చీరని మొత్తం చదివింది. సన్నగా మూలిగింది. నళిని పెరుగు పాకెట్టు కింద పడేసి, వంగి, దాని చెవుల వెనక రెండు చేతులూ పెట్టింది. 

అప్పుడు మిరియం ఆమెని విడిచి, ఆమె పక్క నుంచి తల సాచి, తెరిచి ఉన్న గేటు అవతలికి చూసింది. వెనకాల ఇంకొకరు వస్తున్నారేమోనని.

నళిని కూడా తిరిగి చూసింది.

ఎండ పడిన వీధిలో ఎవరూ లేరు. ఇద్దరూ కాసేపు అలాగే చూశారు. తరవాత ఆమె గేటు మూసింది.